ఏజెన్సీ పంపే ‘ఆప్ట్ అవుట్’ కాగితం: బ్రిటన్ కాంట్రాక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని ఏజెన్సీల ద్వారా కాంట్రాక్టులు చేసే మనవాళ్ల నుంచి ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పని దాదాపు ఖాయమైందని చెప్పిన నోటితోనే రిక్రూటర్ ఒక పేజీ కాగితం పంపుతాడు. ‘మామూలు లాంఛనమే, సాయంత్రంలోగా సంతకం పెట్టి పంపండి’ అంటాడు. ఆ కాగితమే ఆప్ట్ అవుట్ నోటీసు. దాని మీద వచ్చిన ప్రశ్నలను దశలవారీగా ఇక్కడ కూర్చాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకుని వెళ్లిపోవచ్చు. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లకు వర్తించే సంగతి. ఉత్తర ఐర్లండ్‌కు వేరే నిబంధనలు ఉన్నాయి.

## మొదట తెలియవలసినవి

ఈ కాగితం మీద సంతకం పెడితే నేను దేన్ని వదులుకుంటున్నట్టు?

‘కండక్ట్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీస్ అండ్ ఎంప్లాయ్‌మెంట్ బిజినెసెస్ రెగ్యులేషన్స్ 2003’ అనే నిబంధనలు మీకు ఇచ్చే రక్షణను వదులుకుంటారు. 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీల చట్టం కింద చేసిన ఈ నిబంధనలు 2004 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నాయి. పని వెతుక్కునేవారి పట్ల ఏజెన్సీ ఎలా నడుచుకోవాలో, డబ్బు ఏ సాకులతో ఆపకూడదో, ముందుగా ఏయే వివరాలు రాసి ఇవ్వాలో వీటిలో ఉంది. కంపెనీ ద్వారా పనిచేసేవారు కావాలనుకుంటే ఈ రక్షణ తమకు వద్దని చెప్పే వీలును 32వ నిబంధన కల్పించింది. ఆ వీలును ఏజెన్సీలు దాదాపు తప్పనిసరి తంతుగా మార్చేశాయి.

నేను ఏ సంతకమూ పెట్టకపోతే రక్షణ ఉన్నట్టా, లేనట్టా?

ఉన్నట్టే. నోటీసు ఇవ్వనంతవరకు 2003 నిబంధనల కిందే ఉంటారు. ‘ఆప్ట్ ఇన్ చేస్తున్నాను’ అని విడిగా రాయవలసిన అవసరం లేదు, అలాంటి ఫారమూ లేదు. ‘మీరు ఇన్‌లో ఉండాలంటే దరఖాస్తు చేసుకోవాలి’ అని ఎవరైనా అంటే తెలియక అంటున్నారు, లేదా తెలిసే అంటున్నారు.

రక్షణ అంటున్నారు సరే, చేతికి అందేది ఏమిటి?

అన్నిటికంటే ముఖ్యమైనది డబ్బు. క్లయింటు తమకు చెల్లించలేదన్న కారణంతో ఏజెన్సీ మీ డబ్బు ఆపకూడదు. టైమ్‌షీట్ మీద క్లయింటు సంతకం లేదన్న ఒక్క కారణంతోనూ ఆపకూడదు. ఇది 12వ నిబంధన.

రెండోది ముందస్తు సమాచారం. క్లయింటు ఎవరు, పని ఎప్పుడు మొదలవుతుంది, ఎంతకాలం, ఏ పని, ఎన్ని గంటలు, ఎక్కడ, ఆరోగ్యానికి భద్రతకు ప్రమాదాలు ఏమైనా ఉన్నాయా అన్నవి ఏజెన్సీ క్లయింటును అడిగి తెలుసుకుని మీకు చెప్పాలి. 2020 ఏప్రిల్ 6 నుంచి, చేతికి ఎంత వస్తుందో, మధ్యలో ఎవరెవరు ఎంత కోస్తారో చూపే ‘కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్’ కూడా ఇవ్వాలి.

మూడోది వెళ్లిపోయే స్వేచ్ఛ. మీరు కాంట్రాక్టు ముగించారనో, వేరొకరి దగ్గర చేరుతున్నారనో ఏజెన్సీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదు. న్యాయమైన నోటీసు కాలం మాత్రం అడగవచ్చు.

వారానికి 48 గంటల కాగితం కూడా పంపారు. రెండూ ఒకటేనా?

కాదు. అది 1998 వర్కింగ్ టైమ్ రెగ్యులేషన్స్‌కు సంబంధించినది. వారానికి సగటున 48 గంటలు దాటి పనిచేయడానికి సమ్మతిస్తున్నానని చెప్పేది. ఆ సమ్మతిని ఏడు రోజుల నోటీసుతో వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పందంలో అంతకంటే ఎక్కువ రాసినా మూడు నెలలు మించకూడదు. రెండు కాగితాలనూ ఒకే ఈమెయిల్లో జతచేసి, రెంటికీ ‘ఆప్ట్ అవుట్’ అనే పేరు పెట్టి పంపడం మామూలే. అందుకే శీర్షిక చూసి ఆగిపోకుండా కింద ఏ చట్టం పేరు ఉందో చూడండి.

నాకు లిమిటెడ్ కంపెనీ లేదు. ఏజెన్సీ పేరోల్ మీదే ఉన్నాను. నన్నూ సంతకం అడుగుతున్నారు.

మీకు ఆ వీలే లేదు. 2003 నిబంధనల నుంచి బయటికి వెళ్లే నోటీసు కంపెనీ ద్వారా పనిచేసేవారు మాత్రమే ఇవ్వగలరు. పీఏవైఈ కింద, అంటే పన్ను కోసి ఏజెన్సీయే నేరుగా ఇచ్చే జీతం తీసుకునేవారు, కంపెనీ లేకుండా సోల్ ట్రేడర్‌గా ఉన్నవారు సంతకం పెట్టినా రక్షణ పోదు.

నేను స్కిల్డ్ వర్కర్ వీసాదారుడి డిపెండెంట్‌ను. ఈ రక్షణలు నాకూ ఉంటాయా?

ఉంటాయి. పౌరసత్వాన్ని బట్టి ఈ నిబంధనలు మారవు. డిపెండెంట్లు స్వయం ఉపాధితో సహా పనిచేయవచ్చు కాబట్టి సొంత కంపెనీ ద్వారా కాంట్రాక్టు చేసే దారి మీకు ఉంది. ‘వీసా వాళ్లందరూ ఆప్ట్ అవుట్ చేయాలి’ అన్న మాట ఒకటి తిరుగుతోంది. దానికి ఏ ఆధారమూ లేదు.

## ఇంటర్వ్యూకు ముందు

సంతకం పెడితేనే సీవీ పంపుతామంటున్నారు. అలా అనవచ్చా?

అనకూడదు. ఆప్ట్ అవుట్ నోటీసు ఇస్తేనే పని చూపిస్తామని షరతు పెట్టడాన్ని 32వ నిబంధనే నిషేధించింది. చట్టంలో ఇంత సూటిగా రాసి ఉన్న మాట కాంట్రాక్టర్లకు అరుదుగా దొరుకుతుంది. అయినా రోజూ ఉల్లంఘన జరిగేదీ దీనికే. ఎందుకంటే షరతు ఎప్పుడూ షరతులా కనిపించదు. ‘మీ ఇష్టమే అండీ, కాకపోతే వేరే ఇద్దరు ఇప్పటికే సంతకం పెట్టారు’ అంటారు. ‘మా సిస్టమ్ ఈ పత్రం లేకుండా ముందుకు పోనివ్వదు’ అంటారు. ‘కాంప్లయన్స్ వాళ్లు ఆపేస్తున్నారు’ అంటారు. మాట మెత్తగా ఉన్నా అర్థం ఒకటే.

గొడవ పడనక్కరలేదు. ఫోను పెట్టేసిన వెంటనే మర్యాదగా ఒక ఈమెయిల్ పంపండి: మాట్లాడినందుకు ధన్యవాదాలు, ఆప్ట్ అవుట్ నోటీసు ఇవ్వకుండానే ఈ పనికి నన్ను ప్రతిపాదించమని కోరుతున్నాను, నోటీసు ఇవ్వడం మీ షరతా కాదా అన్నది తిరుగు జవాబులో తెలియజేయగలరు. ఇంతే. షరతేనని రాతలో ఒప్పుకునే ఏజెన్సీ ఉండదు. చాలాసార్లు ఆ ఈమెయిల్ తర్వాత ‘సిస్టమ్’ దానంతట అదే దారికి వస్తుంది.

రాకపోతే? పని పోతుంది కదా?

పోవచ్చు. కాదని చెబితే అబద్ధమవుతుంది. షరతు పెట్టారని నిరూపించడం కష్టం, మీ సీవీ పక్కన పెట్టడానికి వాళ్లకు వంద కారణాలు దొరుకుతాయి. ఇంటి అద్దె నెత్తిమీద ఉన్నప్పుడు సంతకం పెట్టినవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ స్థితిలో మీరు చేయగలిగింది, వదులుకుంటున్న రక్షణలను కాంట్రాక్టు క్లాజులుగా రాయించుకోవడం. క్లయింటు చెల్లించినా చెల్లించకపోయినా ఇన్‌వాయిస్ ఇచ్చిన ఇన్ని రోజుల్లో డబ్బు ఇస్తామని రాయించుకోండి. టైమ్‌షీట్ మీద సంతకం ఆలస్యమైతే పనిచేసినట్టు చూపే ఇతర ఆధారాలను ఒప్పుకుంటామని, పని ముగిశాక ఉండే ఆంక్ష ఇంతకాలమేనని రాయించుకోండి. సంతకం అవసరం వాళ్లది కాబట్టి బేరమాడడానికి అదే సమయం.

‘ఆప్ట్ అవుట్ చేయకపోతే ఐఆర్ 35లో పడతారు’ అని భయపెడుతున్నారు.

ఎక్కువ మందిని లొంగదీసే మాట ఇదే. ఐఆర్ 35 అనేది 2000లో వచ్చిన పన్ను నియమం. మధ్యలో కంపెనీ లేకపోతే మీరు క్లయింటు ఉద్యోగిలా ఉండేవారా అని అది చూస్తుంది. పని స్వయంగా మీరే చేయాలా, మీ బదులు మరొకరిని పంపగలరా. ఎలా చేయాలో క్లయింటు శాసిస్తాడా. పని ఇచ్చే, చేసే బాధ్యత ఇరువైపులా ఉందా అన్నవి ప్రధానంగా చూస్తారు. 2003 నిబంధనల నోటీసు మీద సంతకం పెట్టారా లేదా అన్నది ఆ జాబితాలో లేదు.

ఈ వాదన పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. క్లయింటు అదుపులో పనిచేసేవారిని సరఫరా చేసే వ్యాపారం గురించే 1973 చట్టం మాట్లాడుతుంది. కాబట్టి ‘ఈ రక్షణ కావాలంటే అదుపులో ఉన్నట్టు ఒప్పుకున్నట్టే’ అని కొందరు తర్కించారు. కానీ నోటీసు ఇవ్వకుండా ఊరుకోవడం మీరు దేన్నీ ఒప్పుకోవడం కాదు. అదుపు ఉందా లేదా అన్నది రోజువారీ పని తీరును బట్టి తేలుతుంది. పైగా ప్రభుత్వ రంగంలో 2017 ఏప్రిల్ నుంచి, ప్రైవేటు రంగంలోని మధ్యతరహా, పెద్ద సంస్థల్లో 2021 ఏప్రిల్ నుంచి ఈ నిర్ణయం క్లయింటే చేస్తున్నాడు. ఆ నిర్ణయాన్ని రాతపూర్వకంగా, కారణాలతో సహా ఇవ్వాలి. రిక్రూటర్ జోస్యం అడగకుండా ఆ పత్రం అడగండి.

క్లయింటే ఆప్ట్ అవుట్ చేసినవారు కావాలంటున్నాడట. నిజమేనా?

అప్పుడప్పుడు నిజం, ఎక్కువసార్లు కాదు. చాలామంది క్లయింటులకు ఈ నిబంధనల పేరే తెలియదు. నిజానికి కాంట్రాక్టర్ ఈ రక్షణలో ఉంటే క్లయింటుకూ ఉపయోగమే: పంపే మనిషి గుర్తింపు, అర్హతలు ఏజెన్సీ సరిచూడాలి, నచ్చితే నేరుగా తీసుకునేటప్పుడు ఏజెన్సీ వసూలు చేసే రుసుముకు హద్దు ఉంటుంది. ఇంటర్వ్యూలో వీలు చిక్కితే అడిగి చూడండి.

మరి ఏజెన్సీ ఇంత పట్టుబట్టడం ఎందుకు?

రెండు లాభాలు. ఒకటి, క్లయింటు డబ్బు ఎగ్గొడితే ఆ నష్టాన్ని మీ మీదికి నెట్టవచ్చు. రెండోది, అసలుది: మీరూ క్లయింటూ తమను తప్పించి నేరుగా కలవకుండా కట్టిపడేయవచ్చు. 2003 నిబంధనల ప్రకారం క్లయింటు మిమ్మల్ని నేరుగా తీసుకుంటే ఏజెన్సీ రుసుము అడగగలిగే కాలానికి పరిమితి ఉంది. పని మొదలైన రోజు నుంచి 14 వారాలు, పని ముగిసిన తర్వాత 8 వారాలు, ఈ రెంటిలో ఏది ఆలస్యంగా ముగిస్తే అంతవరకే. మీరు బయటికి వెళితే ఆ పరిమితి పోతుంది. కాంట్రాక్టులో ఆరు నెలలు, ఏడాది అని రాసుకోవచ్చు. కాగితాల పని కూడా తగ్గుతుంది గానీ, ఇంత ఒత్తిడికి అది కారణం కాదు.

## కాంట్రాక్టు చేతికి వచ్చాక

విడిగా నోటీసు ఇవ్వలేదు. కానీ కాంట్రాక్టులో ‘ఆప్ట్ అవుట్ చేసినట్టు’ ఒక క్లాజు ఉంది.

సాధారణంగా అది నాలుగో అయిదో పేజీలో, నిర్వచనాల మధ్య దాక్కుని ఉంటుంది: ‘కన్సల్టెన్సీ సంస్థ, దాని తరఫున పనిచేసే వ్యక్తి 2003 నిబంధనలు తమకు వర్తించరాదని అంగీకరించి, ఆ మేరకు నోటీసు ఇచ్చి ఉన్నారు.’ ‘ఇచ్చి ఉన్నారు’ అన్న మాటే ఇక్కడ కీలకం. మీరు ఇవ్వని నోటీసును ఇచ్చినట్టు మీ చేత ఒప్పిస్తున్నారు. ఆ వాక్యం కొట్టేసి, పక్కన ఇంకొక వాక్యం రాయమనండి: ‘32వ నిబంధన కింద ఎలాంటి నోటీసూ ఇవ్వలేదు.’ సంతకం పెట్టే ముందు కాంట్రాక్టు ఫైలులో 2003 అనే అంకె వెతికితే ఇలాంటివి అర నిమిషంలో బయటపడతాయి.

ఇంటర్వ్యూ అయ్యాక పంపారు. ఇప్పుడు సంతకం పెడితే చెల్లుతుందా?

నోటీసు క్లయింటుకు ‘పరిచయం చేయడానికి లేదా సరఫరా చేయడానికి ముందు’ ఇవ్వాలని నిబంధన అంటుంది. సీవీ వెళ్లి ఇంటర్వ్యూ కూడా అయిందంటే పరిచయం జరిగిపోయినట్టే, ఇక చెల్లదన్నది కాంట్రాక్టర్ల వాదన. సరఫరా అంటే పని మొదలయ్యే రోజు, దానికి ముందు ఎప్పుడైనా చాలునన్నది ఏజెన్సీల వాదన. పని మొదలుపెట్టాక ఇచ్చిన నోటీసు మాత్రం ఆ పనికి ఇరు వాదనల ప్రకారమూ ఆలస్యమైనదే. నోటీసు ఇచ్చిన సంగతిని ఏజెన్సీ క్లయింటుకు ముందుగా తెలియజేయాలన్న నియమం కూడా ఉంది. దాన్ని పాటించారా అని తర్వాత అడిగితే చాలా ఏజెన్సీల దగ్గర జవాబు ఉండదు. కాబట్టి సీవీ పంపిన తేదీ, ఇంటర్వ్యూ తేదీ, నోటీసు అడిగిన ఈమెయిల్ తేదీ మూడూ భద్రంగా ఉంచుకోండి.

పాత తేదీ వేసి సంతకం పెట్టమంటున్నారు.

పెట్టకండి. నోటీసు సకాలంలో ఇవ్వలేదని వాళ్లకు తెలుసు కాబట్టే అడుగుతున్నారు. తప్పనిసరై సంతకం పెట్టవలసి వస్తే ఆ రోజు తేదీయే వేయండి. ఆ తేదీయే రేపు మీకు ఆధారం.

కంపెనీ డైరెక్టరూ నేనే, పనిచేసేదీ నేనే. ఒక్క సంతకం చాలా?

చాలదు. కంపెనీ ఒప్పుకోవాలి, పనిచేసే వ్యక్తి కూడా ఒప్పుకోవాలి. ఇద్దరూ మీరే అయినా రెండు హోదాల్లో సమ్మతి కనిపించాలి. ఒక్క హోదాలో సంతకం ఉన్న పాత కాగితం మీ దగ్గర ఉంటే పారేయకండి.

పిల్లలతోనో వృద్ధులతోనో కలిసి చేసే పని. అప్పుడూ ఇదే వరుసా?

18 ఏళ్లలోపు వారిని, వయసు వల్లనో అనారోగ్యం వల్లనో సంరక్షణ అవసరమైన వారిని చూసుకునే పని అయితే ఆప్ట్ అవుట్ అసలు కుదరదు. సంతకం పెట్టినా నిబంధనలు వర్తిస్తాయి.

అంబ్రెల్లా కంపెనీ వాళ్లు చేరేటప్పుడే ఈ పత్రం కూడా కలిపి ఇచ్చారు.

అంబ్రెల్లా అంటే ఏజెన్సీకీ మీకూ మధ్య నిలిచి, మిమ్మల్ని ఉద్యోగిగా పెట్టుకుని జీతం ఇచ్చే సంస్థ. అదీ కంపెనీయే కాబట్టి ఈ దారి వాళ్లకూ ఉంది. కానీ కంపెనీ సమ్మతితో పాటు మీ సమ్మతి కూడా కావాలి. ఆన్‌లైన్‌లో చేరేటప్పుడు వరుసగా టిక్కులు పెట్టుకుంటూ పోయే పేజీలో దీన్ని కలిపేస్తారు. అక్కడ ఆగి చదవండి. అంబ్రెల్లాలో మీరు ఉద్యోగి కాబట్టి జీతం, సెలవుల హక్కులు ఉద్యోగ చట్టం నుంచి వస్తాయి. అవి ఈ టిక్కుతో పోవు.

## పని జరుగుతుండగా

సంతకం పెట్టేశాను. ఇప్పుడు మనసు మారింది.

నోటీసును ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కంపెనీ, వ్యక్తి ఇద్దరి తరఫునా ఏజెన్సీకి రాతలో చెప్పాలి. అయితే ఇప్పుడు చేస్తున్న పని ముగిసేవరకు ఆ ఉపసంహరణ అమలులోకి రాదు. అయినా ఈరోజే పంపి ఉంచండి. పాత నోటీసు ‘భవిష్యత్తులో మా ద్వారా చేసే అన్ని పనులకూ’ అని రాసి ఉంటే, మీరు మరిచిపోయినా ఏజెన్సీ మరిచిపోదు.

క్లయింటు మాకు ఇవ్వలేదు, వచ్చాక ఇస్తామంటున్నారు.

మీరు ఆప్ట్ అవుట్ చేయకపోతే ఆ జవాబు చెల్లదు. క్లయింటు చెల్లించకపోవడం మీ డబ్బు ఆపడానికి కారణం కాకూడదని 12వ నిబంధన చెబుతోంది. కాంట్రాక్టులో అందుకు విరుద్ధంగా రాసుకున్నా ఆ క్లాజు అమలుకు రాదు, మిగిలిన కాంట్రాక్టు నిలుస్తుంది. ఆప్ట్ అవుట్ చేసి ఉంటే కాంట్రాక్టులో ఏముంటే అదే. ‘క్లయింటు నుంచి సొమ్ము అందిన తర్వాత’ అన్న మాట ఉంటే చిక్కే, ఆ మాట లేకపోతే గడువు దాటిన బాకీగా వసూలు చేసుకోవచ్చు.

మేనేజర్ సెలవులో ఉన్నాడు. టైమ్‌షీట్ మీద సంతకం లేదని డబ్బు ఆపారు.

2003 నిబంధనల కింద ఉన్నవారికి, సంతకం లేకపోవడం డబ్బు ఆపడానికి కారణం కాదు. నిజంగా పనిచేశారా అని ఏజెన్సీ వేరే మార్గాల్లో తెలుసుకోవచ్చు. ఆ మార్గాలు మీరే అందించండి: ఆఫీసు ప్రవేశ కార్డు వివరాలు, ఆ వారం పంపిన ఈమెయిళ్లు, సమావేశాల ఆహ్వానాలు, కోడ్ చేర్చిన తేదీలు.

ఆప్ట్ అవుట్ చేశాను కాబట్టి 12 వారాల సమాన వేతన హక్కు కూడా పోయినట్టేనా?

కాదు. అది 2011 అక్టోబరు 1 నుంచి అమలైన ఏజెన్సీ వర్కర్స్ రెగ్యులేషన్స్ 2010 నుంచి వచ్చే హక్కు. 2003 నిబంధనల నోటీసుకు దానితో సంబంధం లేదు, దాన్ని సంతకంతో వదులుకోవడం కుదరదు కూడా. నిజంగా సొంత వ్యాపారం చేసుకునే కాంట్రాక్టర్‌కు ఆ హక్కు మొదటే వర్తించకపోవచ్చు, అది వేరే సంగతి.

## పని ముగిశాక, తేడా వస్తే

క్లయింటు నేరుగా రమ్మంటున్నాడు. ఏజెన్సీ కోర్టుకు ఈడుస్తానంటోంది.

ముందు మీరు ఆప్ట్ అవుట్ చేశారా లేదా, ఆ నోటీసు సకాలంలో ఇచ్చిందేనా అన్నది తేల్చుకోండి. చేయకపోతే, వేరొకరి దగ్గర చేరుతున్నారన్న కారణంతో మిమ్మల్ని బెదిరించడానికే ఏజెన్సీకి హక్కు లేదు. రుసుము గొడవ క్లయింటుకూ ఏజెన్సీకీ మధ్యది, దానికీ పరిమితి ఉంది. చేసి ఉంటే కాంట్రాక్టులోని ఆంక్ష చదవండి. తన వ్యాపారాన్ని కాపాడుకోవడానికి అవసరమైనంత మేరకే ఆంక్ష ఉండాలని న్యాయస్థానాలు చూస్తాయి, కాబట్టి రాసినదంతా నిలుస్తుందని అనుకోనక్కరలేదు. అయితే ఈ దశలో ఒకసారి న్యాయవాదికి చూపించడం ఖర్చు దండగ కాదు.

తర్వాత ఎక్కడ చేరుతున్నానో చెప్పి తీరాలంటున్నారు.

నిబంధనల కింద ఉన్నవారిని ఆ వివరం చెప్పమని కట్టడి చేయకూడదు. చెప్పకండి.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

మొదటి సలహాకు, ఉద్యోగ వివాదాల్లో సలహా ఇచ్చే ఏకాస్ అనే సంస్థ హెల్ప్‌లైన్ ఉంది, ఉచితం. ఏజెన్సీల మీద విచారణ జరిపే బాధ్యతను వ్యాపార, వాణిజ్య శాఖ కింది ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ స్టాండర్డ్స్ ఇన్‌స్పెక్టరేట్ చూస్తూ వచ్చింది. 2025 నాటి ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం ఇలాంటి పర్యవేక్షణ సంస్థలను ఫెయిర్ వర్క్ ఏజెన్సీ అనే ఒకే సంస్థ కిందికి తెచ్చే ఏర్పాటు చేసింది, కాబట్టి దరఖాస్తు పంపేముందు ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రస్తుత చిరునామా చూసుకోండి. నిబంధనల ఉల్లంఘన నేరం. తీవ్రమైన సందర్భాల్లో ఏజెన్సీ నడపకుండా పదేళ్ల వరకు నిషేధించే అధికారం ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్‌కు ఉంది. ఆప్ట్ అవుట్ చేసినవారి ఫిర్యాదు ఈ దారిలో ముందుకు సాగడం కష్టం. నోటీసే చెల్లదని, లేదా షరతు పెట్టి తీసుకున్నారని చూపగలిగితే అదే మీ ఫిర్యాదు అవుతుంది.

నాకు రావలసిన డబ్బు సంగతేమిటి? ఫిర్యాదు చేస్తే ఇప్పిస్తారా?

ఫిర్యాదు మీద ఆధారపడకండి, డబ్బు కోసం సివిల్ కోర్టు దారి పట్టండి. నిబంధన ఉల్లంఘన వల్ల నష్టం జరిగితే దావా వేయవచ్చని 30వ నిబంధన చెబుతోంది. ఆప్ట్ అవుట్ చేసినవారికి కూడా, కాంట్రాక్టు గడువు దాటితే, 1998 నాటి లేట్ పేమెంట్ చట్టం పనికొస్తుంది. కంపెనీల మధ్య బాకీలకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటు మీద 8 శాతం కలిపి వడ్డీ అడగవచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. రోజుకు 400 పౌండ్ల చొప్పున 20 రోజులకు 8,000 పౌండ్లు, 20 శాతం వ్యాట్ కలిపితే 9,600. బేస్ రేటు 4 శాతం అనుకుంటే మొత్తం 12 శాతం, అంటే రోజుకు 3 పౌండ్ల పైచిలుకు వడ్డీ. 1,000 పౌండ్ల నుంచి 10,000 లోపు బాకీకి స్థిర పరిహారం 70 పౌండ్లు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 10,000 పౌండ్ల వరకు స్మాల్ క్లెయిమ్స్ విధానంలో న్యాయవాది లేకుండానే నడుపుకోవచ్చు. స్కాట్లండ్‌లో సింపుల్ ప్రొసీజర్ హద్దు 5,000 పౌండ్లు. దావాకు ముందు ఈ లెక్కంతా వేసి, 14 రోజుల గడువు ఇస్తూ ఏజెన్సీ ఆర్థిక విభాగానికి లేఖ పంపండి. రిక్రూటర్‌కు పంపితే అతని ఇన్‌బాక్సులోనే ఉండిపోతుంది.